ఎనిమిదిన్నర రీడింగు

బెళుగుప్ప మండలాఫీసు వెనక
తుమ్మచెట్టు నీడ అందనంత దూరంలో
సిమెంటు దిమ్మె, దాని మీద వానమాపకం.
పొద్దున ఎనిమిదిన్నరకు మూత తీస్తా,
పద్నాలుగేండ్లుగా.
ఎక్కువ రోజులు లోపల సాలీడే ఉంటుంది.
దాన్ని రాయడానికి గడి లేదు.

నీళ్ళుంటే గాజుగొట్టంలోకి వంచి
పక్కన గొంతుక్కూర్చుంటా.
కన్ను నీటిమట్టానికి సరిగ్గా ఉండాల.
పైనుంచి చూస్తే వాన పెరుగుతుంది,
కిందినుంచి చూస్తే తగ్గుతుంది.
నీళ్ళు గాజును పట్టుకుని అంచుల్లో ఎగబాకి
నడుమ గుంటపడతాయి.
ఆ గుంట అడుగునే చదవాల.
ఎగబాకినవి లెక్కలోకి రావు.

రెండున్నర మిల్లీమీటర్లుంటే అది వానదినం.
తగ్గితే, వాన పడింది గానీ దినం కాలేదు.
సున్నా పాయింట్ ఒకటికి గూడా చాలకపోతే
దానికొక మాటుంది: ట్రేస్. జాడ.
కన్ను చూసింది, కొలత చూడలేదు అని అర్థం.
ముప్పై జాడలు కూడినా జాడే,
నెలాఖరు మొత్తంలో సున్నాకు తోబుట్టువు.

ఉరవకొండలో ఇంటర్ చదివేటప్పుడు
ఫిజిక్సు సార్ మస్తాన్ వలీ
చాక్‌పీసు రెండుగా విరిచి చెప్పినాడు,
ఎలక్ట్రాను ఎక్కడుందని అడక్కముందు
ఎక్కడ అనేదే లేదంట దానికి.
అడగడమంటే తాకడమేనంట.
వెనక బెంచీలో నేను నవ్వినా.
మా నాయన అప్పులు గుర్తొచ్చినాయి:
అడిగేవాడు వాకిట్లోకి వచ్చేదాకా
అవీ ఎక్కడా ఉండేవి కావు.
ఆ ఏడు నాకు ఫిజిక్సు పోయింది.

ఇప్పుడు కొంచెం తెలుస్తా ఉంది.
చుట్టూ గాలిమరలు తిరిగే చోటిది.
గాలికి అడ్డంగా డబ్బా నిలబడితే
దాని మూతి మీదే గాలి మెలిదిరిగి
లోపల పడాల్సిన చినుకును పక్కకు తోసేస్తుంది.
డబ్బా లేకుంటే ఆ చినుకు అక్కడే పడేది.
లేకుంటే, పడిందని చెప్పేదెవరు?

ఆరుద్ర కార్తె మూడోనాడు
తగ్గుపర్తి నుంచి తిప్పక్క వచ్చింది.
"రాత్రి మా చేన్లో వానొచ్చింది. రాయి."
డబ్బా ఎండి ఉంది. మూత తీసి చూపించినా.
వంగి సాలీణ్ణి చూసింది.
"ఇది ఈడ కూర్చుంటే ఆడి వాన దీనికెట్ల తెలుస్తుంది?"
కుడిచేతి నడిమి వేలు చాపింది,
రెండో కణుపు దాకా ఎర్రమన్ను.
"పదును ఇంత దిగింది. బుడ్డలు ఎయ్యాల్నా వద్దా,
నాకు ఇది చాలు. మీ కాగితానికేం కావాల?"

"రాస్తే రేపు బీమాకు అడ్డమొస్తాదేమో అక్కా" అన్నా.
"రానీ. పడిన వానను పడలేదంటే
మల్లా యాడ పడుతుందప్పా అది?"

దిమ్మె ఆమె చేనికి తొమ్మిది కిలోమీటర్లు.
ఎద్దు ఒక కొమ్ము తడిసి
ఇంకో కొమ్ము ఎండే వానలు మావి.
మండలమంతటికీ నా కాగితమే కన్ను.
ఆమె చెయ్యి కడుక్కోకుండానే పోయింది.

మొన్న కొత్త యంత్రం పెట్టినారు, తనంతట తనే కొలిచేది.
లోపల చిన్న తక్కెడ, నిండితే ఒరుగుతుంది.
ఒరిగితే ఒకటి.
నిండడానికి ఒక్క చుక్క మిగిలున్నా
దాని దృష్టిలో ఆకాశం ఖాళీ.
జాడ అనే మాట దానికి నేర్పలేదు ఎవరూ.

మఖ పోయి పుబ్బ వచ్చినంక ఒక పొద్దున
గొట్టంలో రెండు పాయింట్ నాలుగు.
ఇరవై రెండు రోజుల బెట్ట తెగిందనడానికి
ఒక్క గీత తక్కువ.
మళ్ళీ గొంతుక్కూర్చున్నా.
రెండు కండ్లతో చూసినా, ఒక కన్ను మూసి చూసినా.
రెండు పాయింట్ నాలుగే.
సీసా తలకిందులు చేసి పట్టుకున్నా, రాలలేదు.
లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పినా.
వేలు తడిసింది.

రిజిస్టర్లో ఎడమచేత్తో,
వంకరగా, 2.4 రాసినా.
కుడిచేతి వేలు ఏం చెయ్యాల్నో తెలీక
కాసేపు పైకి పట్టుకుని నిలబడినా.
గాలిమరల దిక్కునుంచి గాలి వచ్చింది.
ఆ వేలికి ఒక్కదానికే
చల్లగా తగిలి
ఆరిపోయింది.